గీతలు పడ్డ సినిమా

సాయంత్రం పూట సీడీ షాపులో ఒక తంతు జరిగేది. అద్దెకు వెళ్లిన డిస్కు వెనక్కి రాగానే షాపతను దాన్ని కవర్లోంచి తీసి, నడిమి చిల్లులో చూపుడువేలు పెట్టి, బొటనవేలు అంచుకు ఆనించి, ట్యూబులైటు కిందికి ఎత్తి ఏటవాలుగా తిప్పేవాడు. వెలుగు దాని మీద రంగురంగులుగా జారుతుంటే వెంట్రుకల్లాంటి గీతలు ఒక్కొక్కటే బయటపడేవి. తెచ్చినవాడు కౌంటరుకు ఇవతల నిలబడి, పేపరు దిద్దుతున్న మాస్టారి ముఖం చూసినట్టు ఆ ముఖమే చూస్తుండేవాడు. "ఇచ్చినప్పుడు ఈ గీత లేదు కదండీ" అని అతను. "మేం పెట్టీ పెట్టగానే ఆగిపోయింది, సగం సినిమా కూడా చూళ్లేదు" అని ఇతను. పదో పదిహేనో రూపాయల అద్దె మీద పావుగంట వాదన. 1990ల చివర్నుంచి 2010 దాటేదాకా తెలుగునాట చిన్న ఊళ్లలోనూ, పెద్ద ఊళ్ల గల్లీల్లోనూ రోజూ నడిచిన ఈ వాదన ఇప్పుడెక్కడా వినిపించదు. ఆ షాపులు కొన్ని జిరాక్సు సెంటర్లయ్యాయి, కొన్ని మొబైల్ రీఛార్జికి మారాయి, మిగతావి షట్టరు దించేశాయి.

ఆ రోజుల్ని తలుచుకునేవాళ్లు మామూలుగా చెప్పే మాటలు కొన్నున్నాయి. ఇంటిల్లిపాదీ ఒకే టీవీ ముందు కూర్చోవడం, ఆదివారం ప్లేయర్ అద్దెకు తెచ్చుకోవడం, పక్కింటి పిల్లలు గడప దగ్గర చేరడం. అవన్నీ నిజమే, కాదనను. కానీ డిస్కుతో పాటు పోయినవాటిలో వీటికన్నా పెద్దది ఒకటుందని నా వాదన. డిస్కు పాడైతే ఆ పాడు కంటికి కనిపించేది. ఎక్కడ పాడైందో వేలితో చూపించొచ్చు, ఎవరి వల్ల పాడైందో వాదించుకోవచ్చు, కొంతమేరకు మనమే బాగు చేసుకోవచ్చు. సినిమా చూసే మామూలు మనిషికి తను చూసే వస్తువు మీద ఉన్న ఆ కాస్త పెత్తనం డిస్కుతోనే వెళ్లిపోయింది. వెళ్లిపోయిందని మనం గమనించను కూడా లేదు, ఎందుకంటే అది మనకు పెత్తనంలా కనిపించేది కాదు, విసుగులా కనిపించేది. దీనికి సాక్ష్యం బయటెక్కడో వెతకక్కర్లేదు, ఆ గీతలోనే ఉంది.

డీవీడీ అంటే 120 మిల్లీమీటర్ల వెడల్పున్న పాలికార్బొనేట్ బిళ్ల. మందం 1.2 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఒక్క బిళ్లే అయినా 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అతికించి చేసింది. సినిమా ఉండేది ఆ రెండింటి నడుమ, బొబ్బట్టులో పూర్ణంలాగా. సీడీ కట్టుబడి వేరు. అందులో పాటైనా సినిమా అయినా బొమ్మ అచ్చేసిన వైపే, పల్చటి లక్కపూత కింద ఉంటుంది. మనవాళ్లు మాత్రం మెరిసే వైపును కంటిపాపలా చూసుకుంటూ, బొమ్మ వైపును బల్ల మీదికి ఆనించి పెట్టేవాళ్లు. మూడు వీసీడీల సెట్లు రాజ్యమేలిన రోజుల్లో అది తలకిందుల జాగ్రత్త. మెరిసే వైపు గీత పడితే మధ్యలో మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ కాపలా ఉంది. బొమ్మ వైపు గోరు గట్టిగా గీసుకుంటే మెరిసే పూతతో పాటు సినిమాయే రేకులుగా ఊడొస్తుంది. అలాంటి డిస్కును దీపానికి అడ్డం పెడితే సూదిబెజ్జాల్లోంచి వెలుగు కనిపించేది. ఇక దానికి మందు లేదు.

ఆ పూర్ణంలో ఉన్నది ఒకే ఒక్క దారి. నడిమి నుంచి మొదలై చుట్టలు చుట్టుకుంటూ అంచుకు పోతుంది. చుట్టకూ చుట్టకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే ఒక తలవెంట్రుక మందంలో దాదాపు వంద చుట్టలు ఇముడుతాయి. విప్పి సాపుగా పరిస్తే సుమారు 12 కిలోమీటర్ల దారి. దాని మీద 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ నడుస్తూ గుంటల్ని చదువుతుంది. ఇంత సన్నపు దారి మీద మామూలు గీతంటే కొండ విరిగి పడినట్టే లెక్క. అయినా గీతలు పడ్డ డిస్కులు చాలావరకు ఆడేవి. దానికి కారణాలు రెండు. లేజర్ కిరణం డిస్కు పైతలాన్ని తాకేటప్పుడు దాదాపు అర మిల్లీమీటరు వెడల్పుంటుంది, లోపలికి పోయాకే మొన తేలుతుంది. కళ్లజోడు మీద చిన్న మరక చూపుకు అడ్డం రానట్టే, సన్నని గీతను అది పట్టించుకోదు. రెండో కారణం లెక్క. అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ఒక చిన్న పరిశోధన పత్రం రాశారు. కిరాణా కొట్టు చిట్టాలో ఒక అంకె మీద నూనె పడి చెరిగిపోతే, గుమాస్తా అడ్డం కూడికనూ నిలువు కూడికనూ సరిచూసి అక్కడ ఏ అంకె ఉండాలో చెప్పగలడు కదా. వాళ్ల లెక్క ఆ గుమాస్తా పనినే చాలా దూరం తీసుకెళ్లింది. డీవీడీలో సమాచారాన్ని వరుసకు 172 బైట్ల చొప్పున 192 వరుసలుగా పేరుస్తారు. ప్రతి వరుస చివరా 10 బైట్లు, ప్రతి నిలువు కిందా 16 బైట్లు ఈ సరిచూపు కోసమే అదనంగా రాసిపెడతారు. దీంతో దారి పొడుగునా సుమారు 6 మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా ప్లేయర్ మళ్లీ పూరించుకోగలదు. సీడీలో ఈ శక్తి రెండున్నర మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

దీన్నిబట్టి గీత ఎంత లోతన్నది కాదు, ఎటు పోయిందన్నది ముఖ్యం. నడుమ నుంచి అంచుకు నిలువుగా పోయిన గీత ప్రతి చుట్టనూ వెంట్రుకవాసి మేర మాత్రమే కోస్తుంది, లెక్క దాన్ని సునాయాసంగా కుట్టేస్తుంది. అదే చుట్ట వెంబడి వంపు తిరిగిన గీత ఒకే చోట సెంటీమీటర్ల కొద్దీ తుడిచేస్తుంది. అందుకే డిస్కును నడుమ నుంచి అంచుకు, సూర్యకిరణాలు గీసినట్టు తుడవాలి. మనం చేసిందేమిటి? చొక్కా అంచు పట్టుకుని, నోటి ఆవిరి ఊది, గుండ్రంగా, అద్దం తుడిచినంత శ్రద్ధగా తుడిచాం. గుడ్డలో ఇరుక్కున్న ఒక్కో ఇసుకరేణువూ బాగుపడని దిక్కులోనే ఒక్కో గీత గీసుకుంటూ పోయింది. డిస్కుల్ని చంపింది పిల్లల అల్లరి కన్నా పెద్దల శుభ్రతే అనిపిస్తుంది.

క్లైమాక్సుకు వచ్చేసరికి ఆగిపోయేదన్న ఫిర్యాదు ఆ కాలంలో అందరిదీ. దాన్ని మన ఖర్మ అనుకునేవాళ్లం గానీ, అందులోనూ లెక్క ఉంది. సినిమా లోపలి చుట్టల దగ్గర మొదలై అంచు దగ్గర ముగుస్తుంది. మనిషి చెయ్యి పడేది అంచు మీదే. నూనె వేళ్లు, పకోడీ తిన్న వేళ్లు, చెమట వేళ్లు అన్నీ పోయి పోయి క్లైమాక్సు మీదే ముద్ర వేసేవి. ఒకే డిస్కులో మూడు సినిమాలు కుక్కి అమ్మిన దొంగ డీవీడీల్లో మొదటి సినిమా హాయిగా ఆడి, మూడోది మొరాయించడానికీ అదే కారణం. 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కుల సంగతి ఇంకా తమాషా. వాటిలో చాలావరకు మొదటి పొర లోపలి నుంచి బయటికి, రెండో పొర బయటి నుంచి లోపలికి నడుస్తుంది. కాబట్టి అంచు దగ్గరికి వచ్చేది కథ నడుమ, అంటే మన లెక్కలో సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర. అక్కడ పొర మారేటప్పుడు బొమ్మ ఒక్క క్షణం నిలిచిపోతుంది. అది లోపం కాదు, కానీ గీతలకు అలవాటుపడ్డ కళ్లు అక్కడా ఉలిక్కిపడేవి.

పాడైన డిస్కు తెర మీద ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. సినిమా హాల్లో పాత ప్రింటు పడితే తెర నిండా వాన పడుతున్నట్టుండేది, కానీ కథ ఆగేది కాదు. వీడియో క్యాసెట్ అరిగితే బొమ్మ మెల్లగా వెలిసేది, కింద అడ్డగీతలు వణికేవి. గ్రామఫోను ముల్లు ఒకే గాడిలో చిక్కుకుంటే అదే ముక్క మళ్లీ మళ్లీ పాడేది. అరిగిపోయిన రికార్డన్న మాట భాషలో మిగిలింది అందుకే. డిస్కు వీటిలో దేని పోలికా కాదు. గుమాస్తా సరిచూడగలిగినంతసేపు గీత పడ్డట్టే తెలియదు. హద్దు దాటిన మరుక్షణం బొమ్మ చదరపు డబ్బాలుగా పగిలిపోతుంది. సినిమాలో ప్రతి బొమ్మనూ పూర్తిగా రాయరు. అర సెకనుకోసారి నిండు బొమ్మ ఒకటి రాసి, నడుమ వాటిలో మారినంత మేరకే రాస్తారు. ఆ నిండు బొమ్మ పోయిందనుకోండి, పాత బొమ్మ మీదే కొత్త కదలిక పరుచుకుంటుంది. విలన్ మీసం వెళ్లి హీరోయిన్ భుజం మీద పాకుతుంటుంది, పాటలో కొండలు కదలకుండా నిలబడితే వాటి లోపల డాన్సర్ల ఆకారాలు మాత్రం కదులుతుంటాయి. తర్వాత గరగరమని చప్పుడు, ఆపైన నీలం తెర మీద 'నో డిస్క్' అని రెండు ముక్కలు. లోపల డిస్కు తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు చేసిన వైద్యాల గురించి చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం వీటి మీదే. పేస్టు రాయడం, కొబ్బరినూనె పూయడం, ఫ్రిజ్‌లో పెట్టడం, ఇదంతా మూఢనమ్మకం కదా, దాన్ని పెత్తనమని ఎలా అంటారని అడగొచ్చు. ఒక్కొక్కటే చూద్దాం. పాలికార్బొనేట్ మెత్తని ప్లాస్టిక్. పళ్లపేస్టులో ఉండేది సన్నగా నూరిన గరుకు పదార్థం. దాన్ని రాసి ఓపిగ్గా రుద్దితే గీత అంచులు అరిగి నున్నబడతాయి, లేజర్ పక్కకు చెదరడం తగ్గుతుంది. షాపుల్లో వాడే పాలిషింగ్ మిషన్లు చేసేదీ ఇదే పని, ఇంకాస్త నాజూగ్గా. కొబ్బరినూనెకూ ఆధారం ఉంది. గీతలో గాలి నిండి ఉన్నప్పుడు వెలుగు అక్కడ బాగా వంగుతుంది. గాలి వక్రీభవన గుణకం 1, పాలికార్బొనేట్‌ది సుమారు 1.58, కొబ్బరినూనెది సుమారు 1.45. గీతలో నూనె నిండితే ఆ ఎడం చాలావరకు పూడుతుంది. ఆ పూట సినిమా గట్టెక్కుతుంది, మర్నాటికి దుమ్మంతా దాని మీదే చేరుతుందనుకోండి, అది వేరే సంగతి. ఫ్రిజ్ విషయంలో మాత్రం నేను చెప్పగలిగిందేమీ లేదు, దాని వల్ల గీత పూడే దారి నాకెక్కడా కనపడదు. అంటే మూడింట రెండు వైద్యాలు పనిచేసేవే. వక్రీభవనం పేరు వినని ఇంట్లో కూడా దాని ఫలితాన్ని చేత్తో పట్టుకున్నారు.

వైద్యం కన్నా రోగం కనిపెట్టడం ఇంకా గొప్పగా సాగేది. డిస్కు ఆడకపోతే ముందు ఇంకో డిస్కు పెట్టి చూడాలి. అది ఆడితే ప్లేయర్ మంచిదే. ఇప్పుడు ఆడని డిస్కును పక్కింటి ప్లేయర్లో పెట్టి చూడాలి. అక్కడ ఆడితే మన లెన్సు వీకైందని అర్థం. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే అతను మూత విప్పి, దూదితో లెన్సు తుడిచి, అప్పటికీ కాకపోతే లెన్సు పక్కనున్న బుల్లి స్క్రూను రవ్వంత తిప్పేవాడు. లేజర్‌కు అందే కరెంటు పెరిగేది, ప్లేయర్ కొన్నాళ్లు దేన్నైనా ఆడించేది, ఆయుష్షు మాత్రం తగ్గేది. ఆ సంగతి కూడా అతను ముందే చెప్పేవాడు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని అలాగే ఉంచి చూడటం అనే పద్ధతిని సైన్సు ల్యాబులో నేర్పుతారు. ఇక్కడ ఏడో తరగతి పిల్లలు, వంటింట్లోంచి వచ్చిన అమ్మలు ఎవరూ నేర్పకుండానే అదే పద్ధతి పాటించారు. షాపులో జరిగిన వాదన కూడా చివరికి ఈ పరీక్ష దగ్గరికే వచ్చి తేలేది. షాపతను తన ప్లేయర్లో డిస్కు పెట్టి, ఆగిందన్న చోటికి ముందుకు ఉరికించి చూపించేవాడు. ఆడితే ఇతను మాట్లాడడు, ఆడకపోతే అతను ఇంకో డిస్కు ఇస్తాడు. సాక్ష్యం ఇద్దరి కళ్లముందే ఉండేది.

అద్దె డిస్కు మీద గీతలన్నీ ఎవరో ఒక్కరివి కావు. తిలాపాపం తలా పిడికెడు. బాగా ఆడిన సినిమా డిస్కే అందరికన్నా ముందు పాడయ్యేది, ఎవరూ అడగని సినిమా డిస్కు అద్దంలా మెరుస్తూ అలమరలో ఉండిపోయేది. షాపులో డిస్కును ఎత్తి చూస్తే ఆ ఊరు ఏం చూసిందో లెక్క తెలిసిపోయేది. ఇప్పుడు ఎంతమంది చూశారో, ఎక్కడ ఆపేశారో ఆ లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది. అప్పుడు కౌంటరు మీద, అందరికీ కనిపించేలా ఉండేది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. బాగు చేసుకోవడం అనే అలవాటును చంపింది ఆన్‌లైన్ కాదు, చవకదనమే అనొచ్చు. ఇందులో నిజం ఉంది. గ్రేటర్ నోయిడాలో డిస్కులు అచ్చేసిన మోజర్ బేర్ కంపెనీ 2007 ప్రాంతంలో సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు మార్కెట్లోకి దించింది. అంతకుముందు వందల్లో ఉన్న ధర ఒక్కసారిగా టిఫిన్ ధరకు పడింది. గీత పడితే పేస్టు రాయడం ఎందుకు, ఇంకోటి కొంటే పోలా అన్న మాట అప్పుడే మొదలైంది. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది, అది వేరే కథ. కాబట్టి డిస్కుల కాలమంతా బాధ్యతల కాలమని, తర్వాతిదంతా పారేసే కాలమని నేననను. డిస్కు ఉన్నప్పుడే పారేయడం మొదలైంది. కానీ పారేసేవాడికి కూడా తను దేన్ని పారేస్తున్నాడో తెలుసు. ఆ 34 రూపాయల బిళ్ల బాగుందో పాడైందో తేల్చే హక్కు అతనిదే.

ఆ హక్కును లాక్కోవాలన్న ప్రయత్నాలు డిస్కు బతికుండగానే జరిగాయి. అవి విఫలమైన తీరే నా వాదనకు గట్టి సాక్ష్యం. 1998లో అమెరికాలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణ సంస్థ డివిఎక్స్ అనే రకం డిస్కులు తెచ్చింది. నాలుగున్నర డాలర్లకు డిస్కు ఇంటికి తెచ్చుకోవచ్చు, మొదటిసారి పెట్టిన దగ్గర్నుంచి 48 గంటలే ఆడుతుంది. ఆపైన చూడాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. జనం ముఖం తిప్పుకున్నారు, 1999 జూన్‌లో అది మూతపడింది. 2003లో డిస్నీ ఇంకో అడుగు వేసి ఈజెడ్-డి అనే డిస్కును కొన్ని నగరాల్లో అమ్మి చూసింది. కవరు చింపగానే గాలి తగిలి, 48 గంటల్లో ఎర్రగా ఉన్న డిస్కు నల్లగా మారిపోయేది. ఒక్క గీత లేకుండా, ఎవరి తప్పూ లేకుండా, కంపెనీ చెప్పిన వేళకు చచ్చిపోయే డిస్కు. అదీ నిలవలేదు. ఇప్పుడు యూట్యూబులో సినిమా అద్దెకు తీసుకుంటే, చూడటం మొదలెట్టాక మామూలుగా ఇచ్చే గడువు ఎంతో గమనించండి: అదే 48 గంటలు. అప్పుడు వద్దన్నదాన్ని ఇప్పుడు ఎవరూ కాదనరు. ధర, చెత్త పెరుగుతుందన్న గోల, ఇవీ కారణాలే. నాకు తోచే ఇంకో కారణం, అప్పుడు చేతిలో నల్లబడుతున్న డిస్కు కనిపించేది. మంచి వస్తువు కళ్లముందు పాడవుతుంటే మనిషికి మోసపోయానన్న భావన కలుగుతుంది. తెర మీద 'ఈ టైటిల్ అందుబాటులో లేదు' అన్న వాక్యం చూస్తే కలగదు.

గీత లేకుండా ఆడని డిస్కులు మన ఇళ్లకూ వచ్చాయి. అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో సూట్‌కేసులో పెట్టి తెచ్చిన ఇంగ్లిష్ సినిమా డీవీడీని ఇక్కడి ప్లేయర్లో పెడితే, రీజియన్ లెక్క పాటించే ప్లేయరైతే తీసుకునేది కాదు. అమెరికా ఒకటో నంబరు, ఇండియా ఐదో నంబరు. డిస్కును ఎంత తుడిచినా, ఏ నూనె పూసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ లోపం ఫ్యాక్టరీలోనే కావాలని పెట్టింది. గీతలు పడతాయి కాబట్టి ముందే కాపీ చేసి దాచుకుంటామన్న వాదనా కోర్టుకెక్కింది. అందుకు సాఫ్ట్‌వేర్ అమ్మిన 321 స్టూడియోస్ అనే కంపెనీకి 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యతిరేకంగా తీర్పు వచ్చింది, అదే ఏడాది ఆ కంపెనీ దుకాణం కట్టేసింది. డిస్కు నీదే, అందులోని సినిమా కాదు అని చట్టం అప్పుడే గీత గీసింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలైన చట్టం ప్రకారం, ఆన్‌లైన్‌లో సినిమాను 'కొనండి' అని అమ్మేవాళ్లు మీరు కొనేది లైసెన్సు మాత్రమేనని విడిగా చెప్పాలి. చెప్పకపోతే తెలియనంతగా ఆ తేడా మాయమైందనే కదా ఆ చట్టం అర్థం.

ఇంత చెప్పాక, డిస్కు మాత్రం శాశ్వతమా అని ఎదురు ప్రశ్న వస్తుంది. కాదు. దీనికి మన ఇళ్లలోనే రుజువుంది. 2000 తర్వాత పెళ్లిళ్లయిన ఏ ఇంట్లోనైనా బీరువా అరలో, పట్టుచీరల కింద, వధూవరుల ఫొటో అతికించిన ప్లాస్టిక్ పెట్టె ఒకటుంటుంది. తెరిస్తే మూడు డిస్కులు. మార్కర్ పెన్నుతో ఒకదాని మీద పెళ్లి, ఒకదాని మీద రిసెప్షన్, ఇంకోదాని మీద వ్రతం అని రాసి ఉంటుంది. ఇవి ఫ్యాక్టరీలో గుంటలు అచ్చేసినవి కావు. స్టూడియోలో కంప్యూటర్ మీద, రంగుపొరను లేజర్‌తో మాడ్చి రాసినవి. ఎండా వేడీ తగిలితే, ఏళ్లు గడిస్తే ఆ రంగు ఒక్క గీత లేకుండానే వెలిసిపోతుంది. పైకి అద్దంలా ఉన్న డిస్కు లోపల ఖాళీ అయ్యే ఈ జబ్బు నా వాదనకు ఎదురు నిలిచేదే, ఇక్కడ పాడు కంటికి కనిపించదు. అయితే ఆ డిస్కును రక్షించే ప్రయత్నం చూడండి, చెడిన చోటుకు చిరునామా ఉండటం ఎంత మేలో తెలుస్తుంది. 4.7 గిగాబైట్ల డిస్కులో ఒక్కోటి 2048 బైట్ల చొప్పున దాదాపు 23 లక్షల గళ్లుంటాయి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ముందు బాగున్న గళ్లన్నీ చదివేసి, చదవలేనివాటి జాబితా రాసుకుని, మళ్లీ మళ్లీ వాటి దగ్గరికే వెళుతుంది. ఆ జాబితాతో అదే డిస్కు ఇంకో కాపీని కూడా చదివించొచ్చు. స్టూడియో అతను ఒకే ఫైలు నుంచి రెండు సెట్లు రాసి, ఒకటి పెళ్లికూతురి పుట్టింటికి, ఒకటి పెళ్లికొడుకు ఇంటికి ఇచ్చి ఉంటాడు. ఇరవై ఏళ్లలో రెండూ పాడై ఉంటాయి, కానీ రెండూ ఒకే చోట పాడవవు. ఈ ఇంటి డిస్కులో పోయిన తలంబ్రాలు ఆ ఇంటి డిస్కులో ఉంటాయి, అక్కడ పోయిన అప్పగింతలు ఇక్కడ. రెండింటినీ కలిపితే పెళ్లి మొత్తం తిరిగి రావచ్చు. ఎక్కడో సర్వర్లో ఉన్న ఒక్క ప్రతి చెరిగిపోతే ఇలా కలుపుకోవడానికి వియ్యపురాలి బీరువా ఉండదు. కాబట్టి ఆ పెట్టె ఉన్నవాళ్లు, డ్రైవులున్న కంప్యూటర్లు ఇంకా దొరుకుతుండగానే ఆ పని చేసుకోవడం మంచిది.

ఇక విసుగు సంగతి. ఈ డిస్కులతో పడ్డ పాట్లు ఎవరికి కావాలి, ఇప్పుడు నొక్కితే సినిమా వస్తోంది కదా అనేవాళ్లతో నాకు పేచీ లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం, సినిమా విడుదలైన కొన్ని వారాలకే, ఇండియన్ గ్రోసరీ షాపులో కందిపప్పు పక్కన పెట్టిన అరిగిన డిస్కు కోసం చూడకుండా ఇంట్లోనే చూస్తోంది. అది మేలే. 1998 నుంచి పోస్టులో డిస్కులు పంపిన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబర్ 29న చివరి కవరు పంపి ఆ పని ఆపేసింది. దాని చందాదార్లు గీత పడిందని చెబితే ఇంకో డిస్కు వచ్చేది. ఇప్పుడు అదే చందాదారు సినిమా కనపడట్లేదని చెబితే ఏం వస్తుంది? నేను అడిగేది ఆ ఒక్కటే. సినిమా తెర మీద ఆగి సున్నా గిరగిరా తిరుగుతుంటే తప్పు ఫోన్‌దా, వైఫైదా, కంపెనీదా, కేబుల్‌దా అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకునే దారీ లేదు. రూటర్ ఆపి మళ్లీ వేస్తాం. అది వైద్యం కూడా కాదు, దణ్ణం పెట్టుకోవడం లాంటిది. ఫ్రిజ్‌లో డిస్కు పెట్టినవాళ్లను చూసి నవ్వే అర్హత మనకెంతుందో నాకు తెలియదు.

ఆడని డిస్కులు చాలాకాలం ఇళ్లలోనే తిరిగాయి. ఆటోల అద్దాల దగ్గర వేలాడాయి, టీ గ్లాసుల కింద బిళ్లలయ్యాయి, అపార్ట్‌మెంటు బాల్కనీల్లో పావురాలకు కాపలా కాశాయి. చివరికి జొన్నచేలల్లో, కూరగాయల మళ్లలో కర్రలకు కట్టిన పురికొసల మీద తిరుగుతున్నాయి. ఎండలో అవి చిమ్మే రంగులు ఆ సన్నని చుట్టల నుంచి వచ్చేవే. సీడీలో చుట్టల ఎడం 1.6 మైక్రాన్లు, డీవీడీలో అందులో సగానికన్నా తక్కువ కాబట్టి డీవీడీ రంగుల్ని ఇంకా ఎడంగా విరజిమ్ముతుంది. కాస్త పరీక్షగా చూస్తే చేనుగట్టు మీద నుంచే ఏది సీడీనో ఏది డీవీడీనో చెప్పొచ్చు. గాలికి తిరిగి తిరిగి వాటి మీద గీతలు ఇంకా పెరుగుతాయి, ఇప్పుడు వాటిని లెక్కపెట్టేవాడు లేడు. చిలకలు మూడు నాలుగు రోజులు బెదిరి, ఆ తర్వాత వాటి పక్క కంకి మీదే వాలి గింజలు కొరుకుతాయి.